చిన్నోడి అన్నప్రాసన

మా చుట్టుపక్కల తెలుగు పిల్లల్లో సగం మందికి మొదటి ముద్ద పెట్టిన చెయ్యి కుసుమాంటీది. షార్జాలో ఉంటూ ఉద్యోగాలకి పరుగులు పెట్టే నాలాంటి తల్లులందరికీ ఆవిడ అవసరం. ఆవిడ మాత్రం మా మొహాలు చూస్తేనే చిరాకు అన్నట్టు ఉండేది. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో నా ఆఫీసుకి ఆలస్యమవుతోందని పిల్లాణ్ణి అప్పజెప్పి పారిపోబోతే గుమ్మంలోనే పంచాయితీ మొదలయ్యేది. గోళ్ళు తీయలేదేం, తల దువ్వలేదేం, నిన్న వీడికి నిద్ర చాలలేదు, ఫోను చూసుకుంటూ కూర్చున్నావా? నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా మర్నాడు మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడేదాన్ని. నేను పెడితే ఉమ్మేసే పప్పన్నాన్ని మా భార్గవ్ ఆవిడ పెడితే గిన్నె ఖాళీ అయ్యేదాకా తినేవాడు మరి.

పూర్తి పేరు కుసుమకుమారి. పుట్టిల్లు రామచంద్రపురం దగ్గర. పెళ్ళవగానే భర్త వీరరాఘవరావు గారి వెంట షార్జా వచ్చేసింది. ఆయన ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటు. మాట తక్కువ, పూజ ఎక్కువ. పిల్లలు కలగలేదు. ఆ మాట ఆవిడ ముందు ఎత్తడానికి అందరం మొహమాటపడుతుంటే ఆవిడే అనేసేది: "నాకు లేరు కాబట్టి మీ పిల్లలు బతికిపోయారు. ఉండుంటే మీవాళ్ళ మొహం ఎవరు చూసేవారు?" ఎప్పుడో పై వాటాలో ఉండే మలయాళీ నర్సు ఒకావిడ డ్యూటీకి వెళ్తూ పసిబిడ్డని ఒక్క పూట చూడమని ఇచ్చిందట. ఆ ఒక్క పూట ఏళ్ళ తరబడి సాగింది. పాత విల్లా వెనక వాటాలో ఉండేవాళ్ళు. ముందు చిన్న ఆవరణ, అందులో ఒక మునగచెట్టు, రెండు కరివేపాకు మొక్కలు. హాలు నిండా బొంతలు, బొంతల నిండా పిల్లలు.

ఎవరింట్లో అన్నప్రాసనైనా పరమాన్నం ఆవిడే వండాలి, మొదటి ముద్ద ఆవిడే పెట్టాలి. అమ్మమ్మలూ నానమ్మలూ వీసా మీద వచ్చి కూర్చున్నా సరే, ముందు ఆవిడ చెయ్యే. ఆ పరమాన్నంలో ఆవిడ పంచప్రాణాలూ ఎండుద్రాక్షలో ఉండేవి. నేతిలో వేసి అవి ఉబ్బి గుండ్రంగా అయ్యేదాకా పక్కకి కదిలేది కాదు. రాఘవరావు గారు రోల్లాలో ఒక కొట్టు నుంచి ఏరి ఏరి తెచ్చేవారు, పొడుగ్గా, బంగారు రంగులో ఉండేవి. అవి గాజు సీసాలో పోసి వంటింటి గట్టు మీద పెట్టుకునేది. అది ఆవిడ మందుల షాపు. పిల్లాడికి విరేచనం కాకపోతే ద్రాక్ష నానబెట్టి పిసికి ఆ రసం పట్టించేది. నీరసంగా ఉన్నా అదే, జ్వరం తగ్గి లేచినా అదే. మా అమ్మా అంతే చేసేది, మా అమ్మమ్మా అంతే చేసేది. మా భార్గవ్ ఒంట్లో రక్తం కన్నా ద్రాక్షరసమే ఎక్కువ ఉంటుందని నేను ఏడిపించేదాన్ని.

అలాంటి ఇంట్లోకి కరోనా వచ్చి పిల్లల్ని ఖాళీ చేసేసింది. ఆఫీసులు మూశారు, మేమంతా ఇళ్ళల్లో కూర్చున్నాం, మా పిల్లలు మా దగ్గరే ఉన్నారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు ప్రత్యేక విమానాలెక్కి ఊళ్ళకి పోయారు. ఆవిడ రోజూ వీడియో కాల్ చేసి భార్గవ్ ఏం తిన్నాడో అడిగి, నన్ను నాలుగు తిట్టి, ఫోను పెట్టేయడానికి మనసొప్పక అలాగే స్క్రీను వంక చూస్తూ ఉండేది. వెనకాల హాలు కనబడేది. బొంతలు మడతపెట్టి గోడ వారగా పేర్చేసి ఉండేవి.

రాఘవరావు గారి కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఒక ఐర్లాండ్ దొర. ఆయన వాళ్ళ దేశం పోతూ తన కుక్కని రెండు నెలలు చూసుకోమని ఈయన చేతికి తాడు ఇచ్చి పోయాడు. పైఅధికారి అడిగితే కాదనే మనిషి కాదీయన. ఆ తర్వాత ఆ దొర ఉద్యోగమే పోయింది, ఆయన మళ్ళీ రాలేదు. కుక్క పేరు మెగ్. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. వాళ్ళ దేశంలో గొర్రెల్ని కాసే జాతట. కుసుమాంటీ నానా రభసా చేసింది. మడీ ఆచారం ఉన్న కొంప, అది వంటింటి గడప తొక్కితే నేను ఇల్లు వదిలి పోతానంది. దాన్ని ఆవరణలో పనిమనిషి కోసం కట్టిన చిన్న గదిలో ఉంచారు. వారం తిరక్కుండానే ఆవిడ దాన్ని మేఘా అని పిలవడం మొదలెట్టింది.

తర్వాత ఒకరోజు నాకు ఫోను చేసి గొంతు తగ్గించి చెప్పింది.

"తన్మయీ, ఇది వట్టి మనిషి కాదే."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వలేక చచ్చాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ దొరకి ఆ మాత్రం తెలియదా, చూలుదాన్ని వదిలేసి పోతాడా అని వాణ్ణి తిట్టిపోసింది. ఆ రోజే గోడ వారన పేర్చిన బొంతలు దించి హాల్లో ఏసీ కింద పరిచింది. బయట గదిలో ఎండకి నేల మీద అట్టేస్తే కాలేలా ఉంది, అక్కడ కాన్పు ఎలా అవుతుందని ఆవిడ వాదన. రాఘవరావు గారు పూజ గదికి తలుపు బిగించుకున్నారు, అంతే.

ఐదు పిల్లలు పుట్టాయి. నాలుగు పుట్టీ పుట్టగానే తల్లి పొట్టలో మొహాలు దూర్చేశాయి. ఐదోది ఆఖర్న వచ్చింది, అరచేతిలో పట్టేంత, దాదాపు మొత్తం నలుపు. పాలు చీకడానికి బలం లేదు. మిగతావి తోసేస్తుంటే పక్కకి దొర్లిపోయి పడుండేది. అది బతకదులే అనుకున్నారట రాఘవరావు గారు. ఆ మాట ఆయన పైకి అనలేదు, అంటే ఆవిడ ఊరుకునే మనిషి కాదని తెలుసు. కుక్కపిల్లల పాలపొడి తెచ్చిచ్చారు. ఆవిడ ఉగ్గుగిన్నె తీసి, నీలం రంగు తువ్వాలులో వాణ్ణి చుట్టి ఒళ్ళో పెట్టుకుని, చుక్క చుక్కగా పోసి బతికించింది. వాడే చిన్నోడు.

నేను మొదటిసారి చూడటానికి వెళ్ళేసరికి ఆ ఉగ్గుగిన్నె మా భార్గవ్‌దని గుర్తుపట్టాను. మా వాడి గిన్నెతో కుక్కకి పడతావా అని దెబ్బలాడాను. "మీవాడు తాగేసి పోయాడుగా, ఇంక వాడికి దేనికి?" అంది తలెత్తకుండా. నాకు కుక్కలంటే పడదు. వాసన, బొచ్చు, నాకుడు, ఏదీ పడదు. అయినా చెప్పాలి కదా, ఆవిడ మొహంలో ఆ వెలుగు చూసి చాలా రోజులైంది. నాకు సంతోషంగానే అనిపించింది.

పిల్లలకి చేసేవన్నీ వాటికీ చేసింది. నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేసింది. చిన్నోడికి దిష్టి చుక్క పెట్టింది. నల్లకుక్కకి కాటుక చుక్క పెడితే ఎవరికి కనబడుతుంది ఆంటీ అన్నాను. కనబడక్కర్లేదు, ఉంటే చాలంది.

కళ్ళు తెరిచి నడక నేర్చాక వాటి అసలు బుద్ధి బయటపడింది. ఇంట్లో ఏది కదిలినా దాని చుట్టూ చేరి, నేలకి కరుచుకుని, గుడ్లప్పగించి చూసి, పక్కనుంచి తోసుకుంటూ ఒక మూలకి చేర్చేవి. రాఘవరావు గారు పూజ ముగించి బయటికి వస్తే ఆయన పంచె చివర పట్టుకుని సోఫా దాకా తోలుకెళ్ళేవి. భార్గవ్‌ని తీసుకెళ్తే వాడి చుట్టూ తిరిగి తిరిగి బొంత మీదకి చేర్చి కూర్చోబెట్టాయి. విల్లా వాచ్‌మన్ పోచన్నది జగిత్యాల వైపు, గొర్రెలు కాసే కురుమల ఇల్లు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "గొర్ల కాడి పానం అమ్మా అది. గొర్లు లేకుంటే మనుషులనే మలుపుతది." ఇన్నేళ్ళూ నేను చేసిందీ ఇదేగా అని కుసుమాంటీ పొంగిపోయింది.

పళ్ళు మొలిచాయి. పాలు చాలడం లేదు. ఇంక అన్నం అలవాటు చేయాలంది ఆవిడ. చేయాలీ అంటే ఊరికే గిన్నెలో పడేస్తుందా? శుక్రవారం సెలవు చూసుకుని, రాఘవరావు గారి చేత ఫోనులో పంచాంగం తీయించి, నన్నూ భార్గవ్‌నీ పిలిచింది. ఈవిడకి మతి పోయిందే అనుకుంటూ మాస్కులు కట్టుకుని వెళ్ళాం. గడపకి పసుపు రాసి ఉంది. హాల్లో ఐదు చిన్న స్టీలు పళ్ళేలు వరసగా పెట్టి ఉన్నాయి. బెల్లం వేసిన పరమాన్నం, పైన నేతిలో వేగిన ద్రాక్షలు. ఇల్లంతా యాలకుల వాసన. ఎన్నాళ్ళ తర్వాతో ఆవిడ ఇంట్లో ఆ వాసన వచ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సాంబ్రాణి పొగ అన్నాను.

ముందు వస్తువులు పరిచింది. పిల్లల అన్నప్రాసనలో పుస్తకం, కలం, బంగారం పరిచి దేన్ని పట్టుకుంటారా అని చూస్తాం కదా. అక్కడ ఒక బంతి, ఒక చెప్పు, భార్గవ్ అక్షరాల పుస్తకం, దూదితో చేసిన గొర్రె బొమ్మ పెట్టింది. నాలుగూ బొమ్మ మీద పడి చీల్చేశాయి. చిన్నోడు అన్నిటినీ దాటుకుని, కాళ్ళు అటొకటి ఇటొకటి జారుతుంటే పాక్కుంటూ వచ్చి, ఆవిడ కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. అందరం నవ్వాం. రాఘవరావు గారు పైకి నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆవిడ నవ్వలేదు. వాణ్ణి ఎత్తుకుని మెడ దగ్గర మొహం పెట్టుకుంది. ఎవరికి ఏ పిల్లని ఇచ్చినా వీణ్ణి మాత్రం ఇవ్వనంది.

మిగతా నాలుగూ పాయసం నాకాయి కానీ ద్రాక్షలు ముట్టలేదు. నోట్లోకి వచ్చిన ఒకటీ అరా కూడా ఉమ్మేశాయి. ఆవిడ ఆ పళ్ళేల్లో మిగిలినవన్నీ ఏరింది. ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి మెత్తగా చేసి చిన్నోడి నోట్లో పెట్టింది. బక్కోడివి, నీకే బలం కావాలి నాన్నా, అంటూ పెట్టింది. వాడు ఒక్కటీ ఉమ్మలేదు. ఆవిడ వేలు తీసేదాకా నాకుతూనే ఉన్నాడు.

మర్నాటికి వాడు వాంతి చేసుకున్నాడు. మొదటిసారి అన్నం కదా, అరగలేదనుకుంది ఆవిడ. తర్వాత లేవడం మానేశాడు. కడుపు కదల్లేదని, నీరసించాడని, ఆవిడకి తెలిసిన మందే మొదలుపెట్టింది. ద్రాక్ష నానబెట్టి, పిసికి, వడకట్టి, ఉగ్గుగిన్నెతో పట్టించింది. పొద్దున పట్టించింది, సాయంత్రం పట్టించింది. ఏ పిల్లకైనా ఒక పూటలో గుణం ఇచ్చే రసం వీడికి ఇవ్వడం లేదు. ఇంకొంచెం చిక్కగా పిసికి పట్టించింది. అప్పటికీ లేవకపోయేసరికి నాకు ఫోను చేసింది. ఆవిడ నన్ను సాయం అడగడం అదే మొదలు. కారు తీసుకుని వెళ్ళాను. వాణ్ణి నీలం తువ్వాలులో చుట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

క్లినిక్‌లో డాక్టరు పేరు సమీనా, కరాచీ అమ్మాయి, నా ఈడుదే. చిన్నోడి కడుపు నొక్కి చూసింది, చిగుళ్ళు చూసింది. "పిషాబ్ కర్ రహా హై, ఆంటీ?" అని అడిగింది. ఉచ్చ పోస్తున్నాడా అని. నిన్నట్నుంచీ లేదని చెప్పింది ఆవిడ. ఏం తిన్నాడని అడిగింది డాక్టరు. కుసుమాంటీ తనకొచ్చిన హిందీలో మొత్తం చెప్పింది. పాయసం సంగతి చెప్పింది, అందులో ఏమేం వేసిందో చెప్పింది. తర్వాత రోజూ ద్రాక్షరసం కూడా పట్టిస్తున్నాను, అయినా తగ్గడం లేదు, అది పిల్లలకి చాలా మంచిది, మా వైపు అందరం ఇస్తాం అని చెప్పింది. చెప్తుంటే ఆవిడ గొంతులో పాత ధీమా కొంచెం ఉంది. ఆ డాక్టరు రాయడం ఆపేసింది. నేను ఆ అమ్మాయి మొహం చూశాను, ఏదో జరిగిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"ఆంటీ," అంది, కుర్చీ దగ్గరికి లాక్కుని. "కిస్మిస్ కుత్తోం కే లియే జహర్ హోతా హై."

కుక్కలకి ఎండుద్రాక్ష విషమట. అన్నిటికీ ఒకేలా ఉండదట, కొన్నిటికి ఏమీ కాదట, కొన్నిటికి రెండు గింజలు చాలట, మూత్రపిండాలు ఆగిపోతాయట. ఇంత చిన్న ప్రాణానికి మరీ కష్టమట. చాలామందికి తెలియదు, మీ తప్పు కాదు అని కూడా అంది. జహర్ అన్న మాట తర్వాత కుసుమాంటీ ఇంకేదీ విన్నట్టు లేదు. నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"అంటే, నేను పెట్టిందేనా?"

తెలియక పెట్టావు ఆంటీ అన్నాను. పెట్టావు అన్న మాటే ఆవిడ పట్టుకుంది.

బల్ల మీద చిన్నోడికి సెలైన్ ఎక్కించారు. పుల్లంత కాలికి సూది, దానికి ప్లాస్టరు. ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి వాసన పట్టి తల కొంచెం ఎత్తాడు. ఆవిడ వేలు నాకబోయాడు. కుసుమాంటీ చెయ్యి వెనక్కి లాక్కుని కొంగులో దాచేసుకుంది. వాడు కాసేపు గాలిలో నాలుక ఆడించి తల వాల్చేశాడు. ఎత్తుకోండి పర్వాలేదని నర్సు చెప్పినా ఆవిడ ముట్టుకోలేదు. మర్నాడు మేం వెళ్ళేసరికి పోయాడు. మిగతాది క్లినిక్ వాళ్ళే చూసుకుంటారన్నారు. తువ్వాలు మడతపెట్టి ఒక సంచిలో వేసి ఇచ్చారు. కారులో ఇంటిదాకా ఆవిడ ఆ సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. కుక్క కోసం ఏడుస్తున్నానని నాకే ఆశ్చర్యం వేసింది, కానీ కుక్క ఒక్కదాని కోసం కాదు అది.

గట్టు మీద సీసాని రాఘవరావు గారు చెప్పకుండా తీసి పారేశారు. ఏరి ఏరి తెచ్చింది ఆయనే కదా. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆ నెలంతా పూజకి నైవేద్యం ద్రాక్షకి బదులు అరటిపండు పెట్టారు.

మిగతా నాలుగింటినీ ఇంకొన్నాళ్ళు తల్లి దగ్గర ఉంచాల్సింది. ఆవిడ ఒప్పుకోలేదు. ఎవరి చేతిలోనైనా బతుకుతాయి, నా చేతిలో వద్దంది. పోచన్న తమ్ముడు ధైద్‌లో ఒక మేకల మజ్రాలో, అదే ఫారంలో, పనిచేస్తాడు. పోచన్న రెండిటిని అక్కడికి పంపాడు. "మంచిగ బతుకుతయి అమ్మా, రంది వెట్టుకోకు" అని చెప్పి అట్టపెట్టెలో పెట్టుకుని పోయాడు. తక్కినవి రెండూ మా ఆఫీసు వాళ్ళు తీసుకున్నారు. మెగ్ మిగిలింది. అది హాలంతా తిరిగింది, సోఫా కింద దూరింది, మునగచెట్టు చుట్టూ తిరిగింది. ఏ మూలా ఏదీ దొరకలేదు. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ ఒక్కొక్కటే నోట కరిచి తెచ్చి బొంత మీద పెట్టి, పక్కన పడుకునేది. ఆవిడ వాటిని తీసేది కాదు. బయటికి వెళ్ళాల్సి వస్తే రాఘవరావు గారు బొంత మీదనుంచే తన చెప్పులు తీసుకుని, వచ్చాక మళ్ళీ అక్కడే పెట్టేవారు. దానికి తిండి కూడా ఆయనే పెట్టేవారు.

ఆఫీసులు తెరిచారు. తల్లులు ఒక్కొక్కరే ఫోన్లు చేశారు. ఆవిడ ఎవరికీ సరేననలేదు. ఒంట్లో బాగుండటం లేదని ఒకరికి, వయసైందని ఒకరికి చెప్పింది. ఈలోగా సంగతి అందరికీ తెలిసింది. కుక్కకి పాయసం పెట్టి చంపుకుందట, పిల్లలకి ఇంకేం పెట్టేదో అని ఒకావిడ నా ముందే అంది. ఆవిడ కొడుక్కి నడక నేర్పింది కుసుమాంటీ. ఆ మాట అందరి ముందూ మొహం మీద చెప్పి కడిగేశాను. ఆవిడకీ నాకూ ఇప్పటికీ మాటల్లేవు, ఉండక్కర్లేదు కూడా.

నేను మాత్రం ఊరుకోలేదు. బడి తెరవగానే, సాయంత్రాలు నాకు దిక్కు లేదని నాటకమాడి భార్గవ్‌ని ఆవిడ ఇంట్లో దింపేశాను. తీసుకురావడానికి వెళ్తే వాడు ఆకలో అంటూ ఏడుస్తున్నాడు. నేను డబ్బాలో పెట్టింది తిన్నాడట. ఇంకా కావాలంటే ఆంటీ పెట్టలేదట. నువ్వు ఫోను ఎత్తలేదు, ఎత్తుంటే నిన్నడిగి పెట్టేదాన్నే అంది ఆవిడ. "బిస్కట్ ఇవ్వచ్చో లేదో తెలీలేదమ్మా" అంది. నా పిల్లాడికి నేను కొనే బిస్కట్ విషమని చెత్తబుట్టలో పారేసిన మనిషి ఈవిడేనా? నన్ను తిట్టమని లోపల్లోపల దండం పెట్టుకున్నాను. జుట్టు దువ్వలేదనైనా అంటుందేమోనని మర్నాడు కావాలనే వాణ్ణి అట్టకట్టిన తలతో పంపాను. ఏమీ అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

ఆ రోజు కూర్చోబెట్టి గట్టిగానే అడిగాను. ఇంతమంది పిల్లలు ఆ ద్రాక్ష తిన్నారు, ఒక్కరికైనా ఏమైనా అయిందా అన్నాను.

"వాళ్ళకి పడింది. వీడికి పడలేదు. ఇంకెవరికి ఏది పడదో నాకేం తెలుసు, తన్మయీ? నాకు తెలుసనుకున్నానుగా ఇన్నాళ్ళూ."

భార్గవ్ అట్టకట్టిన తల నేనే దువ్వి ఇంటికి తీసుకెళ్ళాను.

తర్వాత నాకు స్నిగ్ధ పుట్టింది. ఆరో నెల రాగానే అన్నప్రాసన పెట్టుకున్నాం. మొదటి ముద్ద కుసుమాంటీ పెట్టకపోతే అసలు చెయ్యనే చెయ్యనని మొండికేశాను. మా అత్తగారికి కోపం వచ్చింది, రానీ అనుకున్నాను. వంట చెయ్యనని ముందే చెప్పింది ఆవిడ. సరే, నేనే చేస్తానన్నాను. బియ్యం, పాలు, బెల్లం, నెయ్యి, అంతే. అదీ పిల్లల డాక్టరుని అడిగావా అంది. అడిగానన్నాను. పాలు కూడా అడిగావా అంది. అన్నీ అడిగానని ఒట్టు పెట్టాక వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. చాలా చిక్కిపోయింది.

చాప మీద స్నిగ్ధని బోర్లా పడుకోబెట్టి ముందు వస్తువులు పరిచాం. ఆవిడ పక్కన కూర్చుంది. పాయసం గిన్నె, ఉంగరం ఆవిడ చేతికిచ్చాను. ఆ ఉంగరాన్ని పాయసంలో ముంచి నాలిక్కి రాయాలి, అంతే పని. ఆవిడ ముంచింది. కొంచెం పాయసం వేళ్ళ మీద పడింది. పిల్ల దాకా తెచ్చి ఆగిపోయింది. ఉంగరం నా చేతిలో పెట్టేసి, "నువ్వు పెట్టమ్మా, నేను చూస్తాను" అంది మెల్లిగా. పర్వాలేదు ఆంటీ, పెట్టు అన్నాను. మా మాటల్లో మేముండగా స్నిగ్ధ పుస్తకం తోసేసింది, పువ్వు తోసేసింది, ముందుకి జరిగి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ వేలు నోట్లో పెట్టేసుకుంది.

అందరం చప్పట్లు కొట్టబోయాం. కుసుమాంటీ పిల్లని లాక్కుంది. దవడ పట్టి నోరు తెరిచి, కొంగుతో నాలుక తుడిచింది. ఇంకా తుడిచింది. నీళ్ళు, నీళ్ళు తెండి అంటోంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నేను పిల్లని తీసుకుని, అందులో ఏమీ లేదాంటీ, నేనే వండాను, బియ్యమూ పాలే అని చెప్తూనే ఉన్నాను. ఆవిడ మా మొహాలు చూసింది, మా అత్తగారి మొహం చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలెట్టింది. ఎంతసేపటికీ కడుక్కుంటూనే ఉంది. రాఘవరావు గారు వెళ్ళి కుళాయి కట్టేసి, జేబు రుమాలుతో ఆవిడ చేతులు తుడిచారు. మెగ్ ఒక్కతే ఉంది, వెళ్దాం పద కుసుమా, అన్నారు. భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు.

ఇంటికి చేరగానే ఫోను చేసింది. క్షమించమంటుందేమో, ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటూ ఎత్తాను. అవేవీ లేవు.

"పిల్ల ఉచ్చ పోసిందా?" అంది.

పోసింది ఆంటీ, ఇప్పుడే డైపర్ మార్చాను అన్నాను.

"మళ్ళీ పోస్తే ఫోను చెయ్యి."

సాయంత్రంలోగా నాలుగైదుసార్లు అడిగింది. మర్నాడు పొద్దున్నే అడిగింది. నేనూ ప్రతిసారీ చెప్పాను, పోసింది ఆంటీ, ఇప్పుడే పోసింది, బాగా తడిసింది. చెప్పిన ప్రతిసారీ అటునుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినబడేది. ఆ తర్వాత కాసేపటికి మళ్ళీ ఫోను మోగేది.